ఓడలో గది ఎక్కడ ఉండవలెను?

సముద్రప్రయాణము చేయువారు గది పెద్దదా, కిటికీ ఉన్నదా అని విచారింతురు. ఆ గది ఓడలో ఏ చోట నున్నదో విచారించువారు తక్కువ. కాని కడుపులో త్రిప్పకుండ ప్రయాణము సాగుటకు చోటే ముఖ్యము. దీనికి కారణము హైస్కూలులో నేర్చుకొను భౌతికశాస్త్రములోనే కలదు.

అలలపై ఓడ ముఖ్యముగా మూడు విధముల కదలును. ఓడ మొత్తము పైకి లేచి క్రిందికి దిగుట మొదటిది. ఇది ఏ గదిలో నున్నవారికైనను తప్పదు. ఓడ ముందు భాగమును పడవవారు అణియమనియు, వెనుక భాగమును అమరమనియు అందురు. అణియము లేచినపుడు అమరము దిగుచు ఓడ ఊగుట రెండవది. కుడి యెడమలకు ఒరుగుట మూడవది.

రెండవ కదలికను తెలిసికొనుటకు ఒక స్కేలును పెన్సిలుపై అడ్డముగా నిలిపి ఊపి చూడుడు. కొనలు ఎక్కువగా కదలును. పెన్సిలు దగ్గర కదలిక ఇంచుమించు ఉండదు. ఓడకు ఇట్టి ఇరుసు సుమారుగా నడుమ, సాధారణముగా కొంచెము వెనుకకు ఉండును.

ఒక లెక్క వేయుదము. 2004లో ప్రయాణములు ప్రారంభించిన క్వీన్ మేరీ 2 అను ఓడ అట్లాంటిక్ మహాసముద్రమును దాటుటకై నిర్మింపబడినది. దీని పొడవు 345 మీటర్లు. ఇంతటి ఓడ నడిమి భాగము ఇరుసుగా 1 డిగ్రీ ఊగినదనుకొందము. 1 డిగ్రీ అనగా 0.0175 రేడియను. కొన 172 మీటర్ల దూరమున నున్నది కనుక, 172 × 0.0175, అనగా 3 మీటర్లు పైకి లేచి, మరల 3 మీటర్లు క్రిందికి పోవును. నడుమనుండి 30 మీటర్ల దూరమున నున్న గది అర మీటరు మాత్రమే కదలును. ఒక్కొక్క ఊపునకు 8 సెకనులు పట్టినచో, కొనయందు గరిష్ఠ త్వరణము సెకనుకు సెకనుకు 1.85 మీటర్లు. ఇది గురుత్వ త్వరణములో దాదాపు ఐదవ వంతు. నడిమి గదిలో ఇది 0.3 మీటర్లే.

ఒరుగుటకు ఇరుసు ఓడ పొడవునా, నీటిమట్టమునకు దగ్గరగా ఉండును. ఓడ 5 డిగ్రీలు ఒరిగినచో, ఆ ఇరుసునకు 25 మీటర్ల ఎత్తున నున్న గది 2 మీటర్లకు పైగా ప్రక్కకు జరుగును. నీటిలోనికి చాచిన రెక్కలు ఒరుగుటను చాల తగ్గించును. ముందు వెనుకల ఊపును అంతగా ఆపలేవు.

మన లోపలి చెవిలోని మూడు అర్ధవృత్తాకార నాళములు శరీరము తిరుగుటను, అచటనే గల సున్నపు రేణువులు త్వరణమును గుర్తించును. కిటికీ లేని గదిలో గోడలు కదలుట లేదని కన్ను చెప్పును. కదలుచున్నామని చెవి చెప్పును. ఈ వైరుధ్యము వలననే వాంతి, తల త్రిప్పుట కలుగును. 5, 6 సెకనుల కొకసారి జరుగు నిలువు కదలిక ఎక్కువగా బాధించునని ప్రయోగములు తెలుపుచున్నవి.

ఈ సంగతి ఓడల యజమానులు ఎరుగనిది కాదు. 1912లో మునిగిన టైటానిక్ ఓడలో మొదటి తరగతి గదులు నడుమ ఉండెను. మూడవ తరగతి గదులు ఎక్కువగా రెండు కొనలందు ఉండెను. కాకినాడ, విశాఖపట్నముల నుండి కూలిపనులకై రంగూను పోయిన మనవారిలో అనేకులు డెక్కుపైననే ప్రయాణము చేసిరి. వారికి ఎంచుకొనుటకు గదియే లేదు.

కావున ఊపునకు భయపడువారు ఓడ నడుమ, క్రింది అంతస్తులలో, వీలైనచో దిగంతము కనిపించు కిటికీ గల గదిని కోరవలెను. అణియము చివర, అమరము చివర, మిక్కిలి పై అంతస్తు విడువవలెను. అయినను కడుపులో త్రిప్పినచో, డెక్కుపైకి వచ్చి కదలని దిగంతమును చూచుట మేలు. అప్పుడు కన్ను, చెవి ఒకే మాట చెప్పును.