వార్తల్లో పదం: ఉద్యోగ బాండ్

నిర్ణీత కాలం పనిచేస్తానని, మధ్యలో మానేస్తే నిర్ణయించిన సొమ్ము చెల్లిస్తానని ఉద్యోగి ఇచ్చే రాతపూర్వక హామీయే ఉద్యోగ బాండ్. చండ్రుగొండ లాంటి మండలాల నుంచి హైదరాబాద్‌లో తొలి కొలువుకు వెళ్లే పట్టభద్రులకూ ఇది ఎదురుకావచ్చు. నియామకం, శిక్షణలకు పెట్టిన ఖర్చు వృథా కాకూడదన్నది యాజమాన్యాల వాదన.

వృత్తి, వ్యాపారాలను అడ్డుకునే ఒప్పందాలు చెల్లవని 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ చెబుతోంది. అయితే ఉద్యోగంలో ఉన్న కాలానికి వర్తించే షరతులు దీని కిందకు రావని 1967లోనే సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

2025 మేలో విజయా బ్యాంకు కేసు ఈ పదాన్ని మళ్లీ వార్తల్లోకి తెచ్చింది. మూడేళ్లు నిండకముందే మానేసి మరో బ్యాంకులో చేరిన అధికారి రూ.2 లక్షలు చెల్లించాలన్న షరతు చెల్లుతుందని జస్టిస్ పి.ఎస్.నరసింహ, జస్టిస్ జోయ్‌మాల్య బాగ్చీల ధర్మాసనం తీర్పునిచ్చింది. ప్రభుత్వరంగ బ్యాంకుకు మళ్లీ నియామక ప్రక్రియ జరపడం ఖర్చుతో కూడిన పనేనని పేర్కొంది.

అలాగని ఎంత సొమ్మయినా రాబట్టలేరు. అదే చట్టంలోని 74వ సెక్షన్ ప్రకారం ఒప్పందంలో రాసుకున్న మొత్తానికి మించకుండా, సహేతుకమైన పరిహారమే దక్కుతుంది. బాండ్ చూపి ఉద్యోగితో బలవంతంగా పనిచేయించడమూ కుదరదు. సంతకానికి ముందే గడువు, మొత్తం, మినహాయింపులు చదువుకోవాలి.