మా ఊరి స్టేషన్‌కి మళ్లీ రైలొస్తుందా?

మొన్న సంక్రాంతికి ఊరెళితే మామ్మ అడిగిన మొదటి ప్రశ్న నా జీతం గురించి కాదు, పెళ్లి గురించీ కాదు. "ఒరేయ్, మన రైలు బస్సు మళ్లీ ఎప్పుడొస్తుందిరా? నీ ఫోన్లో చూడు."

మాది ద్రాక్షారామం. భీమేశ్వరుడి గుడి అందరికీ తెలుసు. ఇక్కడో రైల్వే స్టేషన్ కూడా ఉందంటే మా ఆఫీసులో ఎవరూ నమ్మరు. కాకినాడ నుంచి కోటిపల్లి దాకా 45 కిలోమీటర్ల లైన్ మీద ఉంటుందది. మా లైన్‌లో తిరిగింది పెద్ద రైలేమీ కాదు, చూడ్డానికి బస్సులాగే ఉండే ఒక్క పెట్టె. 2020లో కొవిడ్ లాక్‌డౌన్‌తో ఆగింది. లాక్‌డౌన్ పోయింది, మాస్కులూ పోయాయి. ఏళ్లు గడిచినా రైలు బస్సు మాత్రం తిరిగి రాలేదు.

ఒకసారి పోయి వచ్చిన లైన్

ఈ లైన్‌కి ఆగిపోవడం కొత్త కాదు. 1928లో వేసిన పట్టాల్ని రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో పీకేసి, యుద్ధ అవసరాలకు పట్టుకుపోయారు. మామ్మ వాళ్ల నాన్న ఆ పాత రైలు ఎక్కారట. ఆ తర్వాత 60 ఏళ్లకు పైగా ఇక్కడ కూత వినపడలేదు.

లోక్‌సభ స్పీకర్‌గా ఉన్న జి.ఎం.సి. బాలయోగి చొరవతో లైన్ పని మళ్లీ కదిలింది. రైలు తిరగడం చూడకుండానే, 2002లో హెలికాప్టర్ ప్రమాదంలో ఆయన చనిపోయారు. 2004లో లైన్ తెరిచారు. అప్పుడు నాకు ఏడేళ్లు. నాన్న భుజాలెక్కి చూశాను.

రీస్టార్ట్ కొడితే చాలదు

సర్వర్ ఆగితే రీస్టార్ట్ కొట్టి చూసే ఉద్యోగం నాది. స్టేషన్ తెరవడం కూడా అంతే అనుకునేవాణ్ని. కాదు.

మొదటి చిక్కు గేట్లు. దారి పొడవునా రోడ్డు దాటే చోట్లే. రైలు బస్సు గేటు ముందు ఆగేది, అందులోంచి ఒకాయన దిగి గేటు వేసేవాడు, బండి దాటాక మళ్లీ తీసి ఎక్కేవాడు. చూడ్డానికి సరదాగా ఉండేది గానీ, కాలేజీకి టైముకి చేరాల్సినవాడికి అది నరకం. స్పీడు పెంచాలంటే ప్రతి గేటు దగ్గరా మనిషి కావాలి, లేదంటే కింద నుంచి దారి తవ్వాలి. రెండూ ఖర్చే.

రెండోది జనం. షేర్ ఆటో ఇంటి ముందే ఆగుతుంది. బస్సు గంటగంటకీ ఉంటుంది. రోజుకో ట్రిప్పు తిరిగే బండి కోసం ఎవరు ఆగుతారు? ట్రిప్పులు లేవు కాబట్టి జనం ఎక్కరు, జనం ఎక్కరు కాబట్టి ట్రిప్పులు పెరగవు.

మూడోది అన్నిటికన్నా పెద్దది, గోదావరి. లైన్ కోటిపల్లిలో ఏటి ఒడ్డున ఆగిపోతుంది. అవతలంతా కోనసీమ. నర్సాపురం దాకా 57 కిలోమీటర్ల కొత్త లైన్ 2000-01లోనే మంజూరైంది. దానికి గౌతమి, వైనతేయ, వశిష్ఠ మీద మూడు పెద్ద వంతెనలు కావాలి. అవి పూర్తయితే మా చిన్న స్టేషన్ అమలాపురం వెళ్లే దారిలో ఉంటుంది. అప్పటిదాకా లైన్‌కి అటువైపు దారి లేనట్టే.

నేనూ ఎక్కలేదు

ఒక మాట ఒప్పుకోవాలి. కాకినాడలో నాలుగేళ్లు ఇంజనీరింగ్ చదివాను. ఆ నాలుగేళ్లలో రైలు బస్సు ఎక్కింది మూడే మూడుసార్లు, అదీ ఫ్రెండ్స్‌తో సెల్ఫీల కోసం. మామ్మకి మాత్రం అది అవసరం. మోకాళ్ల నొప్పులతో ఆటోలో ఇరుక్కుని కూర్చోలేదు. కాకినాడలో కళ్ల డాక్టర్ దగ్గరికి అందులోనే వెళ్లేది. ఖాళీగా తిరిగిందని మనం అనుకున్న బండిలో కూర్చున్నది ఇలాంటివాళ్లే.

మళ్లీ మొదలైతే ముందు టైమింగ్స్ మారాలి. పొద్దున్నే కాలేజీకి, ఆఫీసుకి అందేలా, సాయంత్రం ఇంటికి చేర్చేలా ఉంటే మేమూ ఎక్కుతాం. మీ ఊళ్లో కూడా ఇలాంటి చిన్న స్టేషన్ ఉంటే, బండి నడుస్తున్నప్పుడే ఎక్కండి. టికెట్ కొనే ఎక్కండి. ఆగిపోయాక అర్జీలు పెట్టడం కన్నా అది తేలిక.

పండగ మర్నాడు స్టేషన్‌కి వెళ్లాను. ప్లాట్‌ఫాం మీద ఎవరో ధాన్యం ఆరబోసుకున్నారు. ఇంటికొచ్చాక మామ్మ మళ్లీ అడిగింది, "ఫోన్లో ఏమన్నా ఉందా?"

లేదనడానికి నోరు రాలేదు. డాక్టర్ దగ్గరికి కారు మాట్లాడాను.