వసంతంలో పోయేవి, ఉండేవి: తెలుగు నేలపై వలస పక్షుల స్థానిక పరిశీలన

వ్యాస సంగ్రహం

తెలుగు ప్రాంతాల్లో వసంతం సుదూర వలస పక్షులు తిరుగు ప్రయాణం కట్టే కాలం. ఇదే కాలంలో మరికొన్ని నీటి పక్షులు ఇక్కడి చెట్లపై పిల్లలను పెంచుతుంటాయి. ఈ రెండు వర్గాలనూ 'వలస పక్షులు' అనే ఒకే మాటతో, తరచుగా 'సైబీరియా పక్షులు' అనే మాటతో వ్యవహరించడం వాడుకలో స్థిరపడింది. ఈ వాడుక వల్ల పరిశీలనలోనూ సంరక్షణలోనూ కలిగే చిక్కులను వివరించడం, పక్షుల రాకతో పాటు పోకను కూడా స్థానికంగా నమోదు చేయవలసిన అవసరాన్ని చూపడం, ఆ పనిలో తెలుగు పేర్ల పాత్రను గుర్తుచేయడం ఈ వ్యాస లక్ష్యాలు.

కీలక పదాలు: వసంత వలస, పక్షి పరిశీలన, గూడబాతు, ఎర్రకాళ్ల కొంగ, కాటుకపిట్ట, చివరి చూపు తేదీ, పక్షుల తెలుగు పేర్లు.

1. ఉపోద్ఘాతం

ఐరోపా, ఉత్తర అమెరికా ఖండాల్లో వసంత వలస అంటే పక్షుల రాక. మంచు కరిగి పురుగులు, చిగుళ్లు పుట్టే వేళకు దక్షిణ దేశాల నుంచి పక్షులు అక్కడికి చేరుకుంటాయి. పక్షిశాస్త్ర గ్రంథాల్లో ఎక్కువ భాగం ఆ దేశాల్లో పుట్టినవే కనుక, వసంతాన్ని రాకతో ముడిపెట్టే ధోరణి మన పాఠ్యాంశాల్లోకీ వచ్చింది. తెలుగు నేలపై పరిస్థితి ఇందుకు విరుద్ధం. ఉత్తరాది నుంచి వచ్చే పక్షులు ఇక్కడికి ప్రధానంగా సెప్టెంబరు నుంచి నవంబరు మధ్య చేరి, ఫిబ్రవరి చివరి నుంచి మే తొలి వారాల లోపల వెళ్లిపోతాయి. మన నెలల్లో చెప్పాలంటే మాఘం చివర మొదలైన ప్రయాణం వైశాఖానికి ముగుస్తుంది. కాబట్టి ఇక్కడ వసంత వలసను పరిశీలించడమంటే వారం వారం పలచబడుతున్న చెరువును చూడడమే.

అయితే అదే చెరువు గట్టున ఉన్న చెట్ల మీద పక్షుల సందడి తగ్గకపోవచ్చు, పెరగవచ్చు కూడా. ఒకే నీటి మీద ఒక వర్గం ప్రయాణానికి సిద్ధపడుతుంటే మరొక వర్గం పిల్లలకు మేత అందిస్తూ ఉంటుంది. ఈ తేడా స్పష్టంగా కనిపించే రుతువు వసంతమే.

2. 'వలస' అనే మాటలో ఇమిడిన కదలికలు

మన వ్యవహారంలో 'వలస' అంటే ఉన్నచోటు విడిచి బతుకుతెరువు కోసం మరోచోటికి పోవడం. మనుషులకూ పక్షులకూ మనం ఇదే మాట వాడతాం. పక్షుల విషయంలో ఈ మాట కింద కనీసం మూడు వేర్వేరు కదలికలు చేరుతున్నాయి.

మొదటిది సుదూర వలస. హిమాలయాలకు ఉత్తరాన, మధ్య ఆసియాలో, ఉత్తర ధ్రువ ప్రాంతపు అంచుల్లో గూళ్లు కట్టుకునే పక్షులు చలికాలం గడపడానికి దక్షిణాదికి వస్తాయి. ఇవి ప్రయాణించే దారిని మధ్య ఆసియా వలస మార్గం అంటారు. ఇది సుమారు 30 దేశాల మీదుగా సాగుతుంది.

రెండవది ప్రాంతీయ కదలిక. దక్షిణాసియాలోనే ఏడాది పొడవునా జీవించే కొన్ని పెద్ద నీటి పక్షులు వానలను, చేపలను, గూళ్లకు అనువైన చెట్లను బట్టి ఒక ప్రాంతం నుంచి మరొక ప్రాంతానికి మారుతుంటాయి. గూడబాతు, ఎర్రకాళ్ల కొంగ, నత్తగుల్ల కొంగ ఈ వర్గానివి.

మూడవది నిజానికి కదలిక కాదు, కదలికగా మనకు తోచేది. ఇందుకు కోయిల మంచి ఉదాహరణ. వసంతంలో కోయిల వచ్చిందని అంటాం. కాని కోయిల ఏడాదంతా మన తోటల్లోనే ఉంటుంది. చలికాలంలో దాదాపు మౌనంగా ఉండి, జతకట్టే కాలం సమీపించగానే గొంతు విప్పుతుంది. వినిపించకపోవడాన్ని లేకపోవడంగా తీసుకోవడం వల్ల కలిగిన భావన ఇది. పరిశీలకుడు నేర్వవలసిన తొలి పాఠం ఇదే: కనబడటం వేరు, ఉండటం వేరు.

3. వసంతంలో వెళ్లిపోయే పక్షులు

తిరుగు ప్రయాణానికి ప్రధాన ప్రేరణ పగటి నిడివి పెరగడం. కెనడాలో విలియం రోవన్ 1920లలో చేసిన ప్రయోగాలు కృత్రిమ కాంతితో పగటిని పొడిగిస్తే పక్షుల పునరుత్పత్తి అవయవాల్లో మార్పు వస్తుందని నిరూపించి, ఈ అవగాహనకు పునాది వేశాయి. పగలు పెరిగేకొద్దీ పక్షి శరీరంలో హార్మోన్లు మారుతాయి. ఆకలి పెరుగుతుంది. తిన్నది కొవ్వుగా నిలవ అవుతుంది. దూరప్రయాణానికి ఆ కొవ్వే ఇంధనం. అనేక జాతుల్లో ఇదే సమయంలో ఈకల రంగు కూడా మారుతుంది.

చలికాలమంతా బూడిద వన్నెలో ఉండే ఉల్లంకి జాతి పక్షులు మార్చి, ఏప్రిల్ నెలల్లో ఎరుపు, ఇటుక రంగులు సంతరించుకుంటాయి. నల్లతోక గాడ్విట్ మెడ, రొమ్ము తుప్పు రంగుకు తిరుగుతాయి. ఈ మార్పు మొదలైందంటే ప్రయాణం దగ్గరపడినట్లే. అప్పటికే చెరువుల నీరు తగ్గి అంచుల్లో బురదనేల బయటపడుతుంది. ఆ బురదలోని పురుగులు, చిన్న నత్తలు ఈ పక్షులకు ప్రయాణానికి ముందు దొరికే ముఖ్యమైన ఆహారం. పులికాట్, కొల్లేరు వంటి సరస్సులకే కాక, ఊరి చెరువుకు కూడా ఈ కాలంలో ఇంత విలువ ఉంది.

తల వెనుక రెండు నల్లని పట్టెలుండే పట్టీతల బాతు టిబెట్ పీఠభూమిలో, మంగోలియాలో గూళ్లు కడుతుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో దక్షిణాది జలాశయాలను విడిచి హిమాలయాల మీదుగా సాగుతుంది. అమర్చిన పరికరాల ద్వారా ఈ పక్షులు 7,000 మీటర్లకు పైగా ఎత్తున ఎగిరినట్లు నమోదైంది. సూదితోక బాతు, గరిటెముక్కు బాతు కూడా ఇదే కాలంలో వెళ్లిపోతాయి.

నీటి పక్షులే కాదు. జొన్నచేల మీద గుంపులుగా వాలే గులాబీ గోరువంక మధ్య ఆసియా గడ్డిమైదానాల పక్షి. ఫాల్గుణంలో మోదుగ, బూరుగ చెట్లు ఆకు రాల్చి పూసినప్పుడు ఈ గోరువంకలు ఆ పూలలోని మకరందం కోసం చేరతాయి. మోదుగ పూత రాలిన కొద్ది వారాలకు ఈ గుంపులు కనుమరుగవుతాయి. హోలీకి రంగు తీసే పూల చెట్టు ఒక పక్షికి ప్రయాణానికి ముందరి మేతగా కూడా ఉపయోగపడుతోందన్నమాట.

4. వసంతంలో గూళ్లలో ఉండే పక్షులు

నెల్లూరు ప్రాంతంలోని నేలపట్టు పక్షుల సంరక్షణ కేంద్రం 1976లో ఏర్పడింది. నీటిలో నిలిచి ఉండే కడప చెట్లపై గూడబాతులు గూళ్లు కడతాయి. సమీపంలోని పులికాట్ సరస్సు వాటికి మేత భూమి. శ్రీకాకుళం ప్రాంతంలోని తేలినీలాపురంలో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు శరత్కాలంలో చేరి వేసవి మొదటి వరకు ఉంటాయి. అదే ప్రాంతంలోని తేలుకుంచికి నత్తగుల్ల కొంగలు తొలకరితో వస్తాయి. అనంతపురం ప్రాంతపు వీరాపురంలో ఎర్రకాళ్ల కొంగలు చలికాలంలో చేరి, ఊరి మధ్య చెట్ల మీదే వేసవిలోనూ పిల్లలను పెంచుతాయి. గుంటూరు సమీపంలోని ఉప్పలపాడు చెరువు కూడా ఈ పక్షులకు ప్రసిద్ధం.

ఈ పక్షులు సైబీరియా నుంచి వచ్చాయన్న మాట వార్తల్లో, పర్యాటక ప్రచారంలో తరచుగా వినబడుతుంది. ఇది సరికాదు. గూడబాతు, ఎర్రకాళ్ల కొంగ, నత్తగుల్ల కొంగ ఉష్ణమండల ఆసియా పక్షులు. సైబీరియాలో వీటికి గూళ్లు లేవు. పులికాట్‌లో రాజహంసలని పిలిచే ఫ్లెమింగోలు సైతం మన దేశంలోనే, గుజరాత్‌లోని కచ్ రణ్ ప్రాంతంలో గూళ్లు కడతాయి. సైబీరియా పేరు నిజంగా దక్కవలసినది బురద అంచున పరుగులు తీసే చిన్న స్టింట్ వంటి పక్షులకు. పిడికిట్లో ఇమిడే, సుమారు 25 గ్రాముల బరువుండే ఈ పక్షి ఉత్తర ధ్రువ ప్రాంతపు టండ్రా నేలల్లో గుడ్లు పెడుతుంది. దూరదేశపు కీర్తి పెద్ద కొంగలకు దక్కగా, దూరదేశం నుంచి వచ్చిన పక్షి ఎవరి కంటా పడకుండా వచ్చి పోతోంది.

ఇది కేవలం పేరులోని పొరపాటు కాదు. 'విదేశీ అతిథి' అనే భావనలో, చలికాలం కాగానే పక్షి తన ఇంటికి పోతుందన్న అర్థం ఇమిడి ఉంది. వేసవిలో చెరువుల్లో నీరు తోడి చేపలు పట్టడం, పూడిక తీయడం, గట్టు చెట్లు నరకడం మన గ్రామాల్లో సాధారణం. పక్షులు వెళ్లిపోయే కాలమే కదా అనుకుంటే ఈ పనులకు అభ్యంతరం కనబడదు. కాని గుడ్డు పెట్టిన నాటి నుంచి పిల్ల స్వతంత్రంగా ఎగిరేవరకు ఈ పెద్ద పక్షులకు కొన్ని నెలలు పడుతుంది. ఆలస్యంగా గూడు కట్టిన జంటల పిల్లలు వేసవిలోనూ గూళ్లలోనే ఉంటాయి. అప్పుడు దగ్గరి నీరు ఎండిపోతే తల్లిదండ్రులు మేతకు మరింత దూరం పోవలసి వస్తుంది. ఆ పక్షికి ఇది విడిది కాదు, పుట్టిల్లు. ఈ ఒక్క మాట మారితే చెరువు పనుల తేదీలపై గ్రామంలో జరిగే చర్చ కూడా మారుతుంది.

5. రాకకు శకునాలు, పోకకు మౌనం

పక్షి రాకను గమనించే సంప్రదాయం మనకు పాతదే. వరాహమిహిరుని 'బృహత్సంహిత'లో ఖంజనం తొలిసారి కనబడటానికి గల శుభాశుభ ఫలితాలను చెప్పడానికి ఒక అధ్యాయమే ఉంది. శకునం మాట పక్కన పెడితే, ఒక పక్షి ఆ ఏడు మొదట ఎప్పుడు, ఎక్కడ కనబడిందో గమనించే అలవాటు దాని వెనుక ఉంది. అదే పక్షి చివరిసారి ఎప్పుడు కనబడిందన్న దానికి అలాంటి ప్రాధాన్యం దక్కలేదు.

హంసలు వర్షాగమంలో మానససరోవరానికి తరలిపోతాయన్నది ప్రసిద్ధమైన కవిసమయం. కాళిదాసు 'మేఘదూతం' దీనిని వాడుకుంది. హంసను పట్టీతల బాతుగా గుర్తించే అభిప్రాయం ఒకటి ఉంది. ఆ బాతు దక్షిణాదిని వానలకు ముందే, మార్చి, ఏప్రిల్ నెలల్లోనే విడిచిపోతుంది. కవిసమయానికి కావ్యంలో దాని ప్రయోజనం దానికుంది. దానిని ప్రకృతి పరిశీలనగా చదవబోతే మాత్రం స్థానికంగా నమోదైన తేదీలతో పోల్చి చూడక తప్పదు. ఆ తేదీలు మన దగ్గర ఉండాలి.

6. చివరి చూపు తేదీ నమోదు

రాకను నమోదు చేయడం సులువు. నిన్న లేని పక్షి నేడు కనబడితే ఆ తేదీ రాసుకుంటే చాలు. పోక అలా తెలియదు. ఒక పక్షిని చూసిన రోజున అది చివరి చూపని ఎవరూ చెప్పలేరు. ఆ తరువాత పలుమార్లు వెళ్లి, కనబడలేదని నిర్ధారించుకున్నాకే వెనుకటి తేదీ చివరి తేదీ అవుతుంది. అంటే పోకను నమోదు చేయడానికి 'లేదు' అని రాసుకునే ఓపిక అవసరం.

భారతదేశంలో పౌరుల సాయంతో వలస తేదీలను సేకరించే 'మైగ్రెంట్‌వాచ్' 2007లో మొదలైంది. ఆసియా నీటి పక్షుల గణన ఏటా జనవరిలో జరుగుతుంది. కళాశాల ప్రాంగణాల్లో పక్షుల లెక్కింపు ఫిబ్రవరిలో జరుగుతుంది. ఈ రెండూ ముగిసిన తరువాతే తెలుగు నేలపై తిరుగు వలస ఊపందుకుంటుంది. ఆ కాలంలో కళాశాలలు పరీక్షల్లో, తరువాత సెలవుల్లో ఉంటాయి. కనుక ఒక నిర్దిష్ట స్థలాన్ని ఎంచుకొని ఎవరో ఒకరు కొనసాగించే పరిశీలనకు ఈ కాలంలో ప్రత్యేక విలువ ఉంది.

పద్ధతి కష్టమైనది కాదు. ఫిబ్రవరి రెండవ వారం నుంచి మే మధ్య వరకు వారానికొకసారి, ఒకే చెరువు వద్ద, ఉదయం ఒకే వేళకు, ఒకే నిడివి గల సమయం గడపాలి. కనబడిన జాతులు, వాటి సంఖ్య, ఈకల రంగు మార్పు, నీటి మట్టం రాసుకోవాలి. గూళ్లుంటే వాటిలో గుడ్లు పొదిగే పక్షులు, పిల్లలు ఎన్నో దూరం నుంచే గుర్తించాలి. గూళ్ల చెట్ల కిందికి పోకూడదు. పెద్ద పక్షి బెదిరి లేస్తే గుడ్లు, పిల్లలు ఎండకూ కాకులకూ గురవుతాయి. వారానికొకసారి చూసినప్పుడు చివరి తేదీలో ఆరు రోజుల వరకు తేడా ఉండవచ్చునన్న ఎరుక కూడా నమోదులో ఉండాలి.

7. పేర్లు: తెలుగు శాఖల బాధ్యత

ఖంజనానికి నిఘంటువులు ఇచ్చే తెలుగు పేరు కాటుకపిట్ట. అయితే తోకాడించే ఈ పిట్టల్లో తెల్లకనుబొమ్మ గల పెద్ద జాతి ఏడాదంతా మన ఏటి ఒడ్డునే ఉంటుంది. బూడిదరంగు, పసుపు జాతులు చలికాలపు అతిథులు, వసంతంలో వెళ్లిపోతాయి. 'కాటుకపిట్ట కనబడింది' అన్న వాక్యం ఈ తేడాను చెప్పలేదు. నిఘంటువు పేరు ఏ పక్షికి ఏ ప్రాంతంలో వర్తిస్తోందో క్షేత్రంలో సరిచూడవలసి ఉంది.

ఇటువంటి పనికి పూర్వరంగం ఉంది. 19వ శతాబ్దంలో నెల్లూరులో వైద్యుడిగా పనిచేసిన థామస్ జెర్డన్ తన పక్షిశాస్త్ర గ్రంథాల్లో పక్షుల తెలుగు పేర్లను నమోదు చేశాడు. ఆయన పేరుతో శాస్త్రలోకానికి తెలిసిన ఒక పక్షి 1900 తరువాత కనబడక, అంతరించిందని భావించబడింది. 1986లో కడప ప్రాంతంలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధన ఫలితంగా అది తిరిగి వెలుగులోకి వచ్చింది. స్థానికులకు అది 'కలివికోడి'గా తెలిసినదే. ఆ పక్షిని పట్టి చూపినదీ స్థానికుడే. కలివికోడి వలస పక్షి కాదు. అయినా, శాస్త్రం మరణించిందనుకున్న పక్షి ఒక తెలుగు మాటలో బతికే ఉందన్న సత్యం మన విషయానికి అన్వయిస్తుంది.

వృత్తి పదకోశాలను సేకరించిన అనుభవం తెలుగు పరిశోధనకు ఉంది. యానాదులు, చేపలు పట్టేవారు, పశువుల కాపరులు, రైతులు వాడే పక్షుల పేర్లను పక్షి ఫొటో, ఊరు, నెల వివరాలతో సేకరిస్తే అది భాషాశాస్త్రానికీ పక్షిశాస్త్రానికీ సమానంగా పనికివస్తుంది. 'ఈ పిట్ట మీ ఊరిలో ఏ నెల వరకు ఉంటుంది?' అన్న ఒక్క ప్రశ్న ఆ సేకరణలో చేరితే, పేరుతో పాటు పోక కూడా నమోదవుతుంది.

8. ముగింపు

తెలుగు నేలపై వసంత వలస ప్రధానంగా నిష్క్రమణ. ఆ నిష్క్రమణ పక్కనే పక్షుల సంతానపోషణ సాగుతుంది. రెండింటినీ ఒకే పేరుతో పిలిచినప్పుడు పోయే పక్షి చివరి మేత నేల, ఉండే పక్షి పిల్లల గూడు రెండూ మన లెక్కలోంచి జారిపోతాయి. 'సుదూర వలస పక్షి', 'ప్రాంతీయంగా మారే పక్షి', 'స్థానిక పక్షి' అనే విభజనను పాఠ్యగ్రంథాలు, పత్రికలు పాటించాలి. ప్రతి కళాశాల తన సమీపంలోని ఒక చెరువుకు వసంత నమోదు పుస్తకం నిర్వహించగలదు. ఏటేటా పేరుకునే ఆ తేదీలే చెరువులో నీరు ఎప్పటివరకు ఉండాలో, పూడికతీత ఎప్పుడు మొదలుకావచ్చో గ్రామానికి చెప్పగల ఆధారం అవుతాయి.