ఎదురుకాళ్ళవాడు తన్నితే నడుంనొప్పి ఎందుకు తగ్గింది?

మన పల్లెల్లో నడుం పట్టేసినవాళ్ళకి ఒక వైద్యం ఉండేది. ఎదురుకాళ్ళతో పుట్టినవాణ్ణి వెతికి పిలిపించి, అతని కాలితో నడుం మీద మెల్లగా తన్నించుకునేవారు. ఫీజు లేదు, మహా అయితే ఒక కాఫీ. విశేషమేమిటంటే చాలామందికి తగ్గేది. తగ్గిందని ఒట్టేసి చెప్పే పెద్దవాళ్ళు ఇప్పటికీ దొరుకుతారు. వాళ్ళు అబద్ధమేమీ ఆడటం లేదు.

కొత్తగా వచ్చిన నడుంనొప్పి చాలామందికి కొద్ది వారాల్లో బాగా సర్దుకుంటుంది. పాతబడిన నొప్పి కూడా రోజూ ఒకే తీరుగా ఉండదు. కొన్నాళ్ళు ముదురుతుంది, కొన్నాళ్ళు నెమ్మదిస్తుంది. మనిషి వైద్యానికి ఎప్పుడు బయల్దేరతాడు? ఇక ఓర్చుకోలేను అనుకున్నప్పుడు. అంటే నొప్పి శిఖరం మీద ఉన్నప్పుడు. ఆ తర్వాత దానికి మిగిలింది చాలావరకు దిగుడే. ఆ దిగుడులో ఎవరు ఎదురైతే వాళ్ళకి పేరు దక్కుతుంది. ఎదురుకాళ్ళవాడు కావచ్చు, సూది వేసిన ఆర్ఎంపీ కావచ్చు, బెల్టు రాసిచ్చిన పెద్ద డాక్టరు కావచ్చు. గణాంకశాస్త్రజ్ఞులు దీన్ని సగటుకు తిరిగి రావడం అంటారు. కొత్త మందుని పరీక్షించేటప్పుడు ఒక గుంపుకి అసలు మందు, మరో గుంపుకి ఉత్తుత్తి మందు ఇచ్చి పోల్చేది ఈ భ్రమలో పడకుండా ఉండటానికి కూడా.

అందుకే మూడు నెలలు దాటిన నొప్పికి వైద్యం వెతుక్కునేవాళ్ళు "ఎవరి దగ్గర తగ్గింది?" అని పక్కింటివాళ్ళని అడిగి లాభం లేదు. "తగ్గి ఎన్నాళ్ళయింది? ఇదివరకు చేయలేని ఏ పని ఇప్పుడు చేస్తున్నారు?" అని అడగాలి. ఈ రెండు ప్రశ్నలూ వేస్తే సగం వైద్యాలు అక్కడికక్కడే రాలిపోతాయి.

ప్రపంచంలో 2020 నాటికి దాదాపు 61.9 కోట్ల మందికి నడుంనొప్పి ఉందని అంతర్జాతీయ అంచనా. వీళ్ళలో నూటికి తొంభై మందికి ఫలానా ఎముకలోనో ఫలానా నరంలోనో లోపముందని వేలు పెట్టి చూపించడం సాధ్యం కాదు. ఈ మాట రోగికి నచ్చదు. చెప్పడం డాక్టరుకీ ఇష్టం ఉండదు. అందుకని ఇద్దరూ కలిసి ఎమ్మారై వైపు వెళతారు. రిపోర్టులో ఏదో ఒకటి ఉండనే ఉంటుంది. "డిస్కు జరిగింది", "గుజ్జు అరిగింది" అని విన్నాక మనిషి వంగడం మానేస్తాడు, బిందె ఎత్తడం మానేస్తాడు, మనవణ్ణి ఎత్తుకోవడం కూడా మానేస్తాడు.

ఆ రిపోర్టుని ఎంత నమ్మాలో తేల్చిన లెక్క ఒకటుంది. ఏ నొప్పీ లేని మూడు వేల మందికి పైగా తీసిన స్కానులను 2015లో పరిశోధకులు ఒకచోట చేర్చి చూశారు. నిక్షేపంగా తిరుగుతున్న ఇరవై ఏళ్ళవాళ్ళలో 30 శాతం మందికి డిస్కు ఉబ్బి ఉంది. యాభై ఏళ్ళవాళ్ళలో అది 60 శాతం, ఎనభై ఏళ్ళవాళ్ళలో 84 శాతం. డిస్కు అరుగుదల యాభై ఏళ్ళకే 80 శాతం మందిలో కనిపించింది. వీళ్ళెవరికీ నొప్పి లేదు. స్కాను అబద్ధం చెప్పదు గానీ, అందులో కనిపించిందే మీ నొప్పికి కారణమని మాత్రం చెప్పలేదు. డిస్కు నిజంగానే జారి నరాన్ని నొక్కి, నొప్పి పిరుదు నుంచి పిక్కల దాకా లాగేస్తున్నా, చాలామందిలో ఆ జారిన ముక్క కొన్ని నెలల్లో శరీరమే కరిగించుకుని చిన్నదవుతుంది. "జరిగింది ఇక వెనక్కి రాదు" అన్న భయానికి ఆధారం లేదు.

అలాగని ఏ నొప్పినైనా కొట్టిపారేయకూడదు. మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పడుతున్నా, మలద్వారం చుట్టూ స్పర్శ పోయినా, కాలు బలం తగ్గి చెప్పు జారిపోతున్నా అదే రోజు పెద్దాసుపత్రికి వెళ్ళాలి. జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, గతంలో క్యాన్సర్, పడుకున్నా వదలని రాత్రి నొప్పి ఉంటే స్కాను తప్పనిసరి. మన దేశంలో వెన్నెముక క్షయ ఇంకా ఉంది, దానికి మందులున్నాయి, ఆలస్యమైతే కాళ్ళు పడిపోవచ్చు. నలభై ఏళ్ళు దాటని కుర్రవాడికి తెల్లవారుజామున నొప్పితో మెలకువ వచ్చి, లేచాక అరగంటకు పైగా నడుం బిగుసుకుపోయి, తిరుగుతుంటే సడలుతోందంటే అది కీళ్ళవాతంలో ఒక రకం కావచ్చు, రుమటాలజిస్టుకి చూపించాలి. భుజం నొప్పిలోనూ ఇలాంటి హెచ్చరికలున్నాయి. మెట్లెక్కితే ఎడమ భుజం లాగి చెమట పడుతోందంటే ముందు గుండెని చూడాలి. నూనె పదార్థాలు తిన్నాక కుడి భుజం చివర నొప్పి వస్తుంటే పిత్తాశయంలో రాళ్ళున్నాయేమో చూడాలి. ఇవన్నీ కలిపినా తక్కువమందే, కానీ ముందు తేల్చుకోవాల్సినవి ఇవే.

ఇవేవీ కాని నొప్పికి మన అలవాటు వైద్యం విశ్రాంతి. దాని కథ 1986లోనే మారింది. అమెరికాలో రిచర్డ్ డెయో బృందం నడుంనొప్పి రోగుల్లో కొందరికి రెండు రోజులు, కొందరికి ఏడు రోజులు మంచం మీద ఉండమని చెప్పింది. రెండు రోజులవాళ్ళు పనికి పోని రోజులు ఏడు రోజులవాళ్ళ కంటే 45 శాతం తక్కువ. కోలుకోవడంలో తేడా లేదు. పడుకున్నకొద్దీ కండరం సన్నబడుతుంది, భయం లావవుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో దీర్ఘకాల నడుంనొప్పి మీద తొలిసారి మార్గదర్శకాలు ఇచ్చింది. నడుం బెల్టులు, బరువు కట్టి నడుముని లాగే ట్రాక్షన్, నల్లమందు జాతి ఓపియాయిడ్ మాత్రలు వద్దంది. మన ఊళ్ళలో "కరెంటు పెట్టించుకుంటున్నాను" అంటారే, అందులో టెన్స్ యంత్రాన్నీ, అల్ట్రాసౌండునీ కూడా వద్దన్న జాబితాలోనే వేసింది. ఎన్నో ఫిజియోథెరపీ సెంటర్లలో పేషెంటు చెల్లించే డబ్బులో పెద్ద భాగం ఈ యంత్రాల కిందే పోతుంది. వ్యాయామం చివర్లో ఐదు నిమిషాలు, అదీ ఒక జిరాక్సు కాగితం మీద. నా ఉద్దేశంలో ఇది తలకిందుల బేరం.

సూదిమందు సంగతి వేరే చెప్పుకోవాలి. డైక్లోఫెనాక్ సూది నొప్పిని తగ్గిస్తుంది, అందులో సందేహం లేదు. నాలుగు రోజుల నొప్పికి నాలుగు మాత్రలు వాడితే తప్పూ లేదు. నెలల తరబడి వాడితే కడుపులో పుళ్ళు, బీపీ, మూత్రపిండాల దెబ్బ ముప్పు పెరుగుతుంది. ఈ మందు చరిత్రలో విచిత్రమైన పుట ఒకటుంది. పశువులకు వేసిన డైక్లోఫెనాక్ వాటి కళేబరాల్లో మిగిలి, తిన్న రాబందుల మూత్రపిండాలు పాడై, మన దేశంలో ఒక జాతి రాబందులు 99 శాతానికి పైగా పోయాయి. 2006లో పశువైద్యంలో దాన్ని నిషేధించారు. మనుషుల సూదుల పెద్ద సీసాలు పశువులకు మళ్ళుతున్నాయని 2015లో 3 మిల్లీలీటర్ల విడి సీసాలకే పరిమితం చేశారు. మనిషి రాబందు కాదు, అంత సులువుగా పోడు. కానీ షుగరు, బీపీ ఉన్నవాళ్ళు, మూత్రపిండాల జబ్బు ఊళ్ళకు ఊళ్ళనే పట్టి పీడిస్తున్న ఉద్దానం లాంటి చోట్ల ఉన్నవాళ్ళు నొప్పి మాత్రలు సొంతంగా కొనుక్కోవడం చాలా పెద్ద జూదం. పేరూ ఊరూ లేని పొట్లాల పొడులు మరీ ప్రమాదం. పూటలో ఒళ్ళు తేలికపరిచే అలాంటి పొడుల్లో స్టిరాయిడ్లు బయటపడ్డ సందర్భాలున్నాయి.

బామ్ రాసుకునేవాళ్ళని మాత్రం నేను వెక్కిరించను. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టినప్పుడు అది ఎలా పనిచేస్తుందో చెప్పగల శాస్త్రం లేదు. 1965లో మెల్జాక్, వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు చెప్పారు: చర్మం నుంచి వచ్చే ఇతర స్పర్శలు వెన్నుపాములోనే నొప్పి సందేశానికి అడ్డుపడగలవని. తర్వాత డేవిడ్ జూలియస్ మిరపకాయ మంటని పసిగట్టే గ్రాహకాన్ని 1997లో కనిపెట్టాడు, పుదీనా పువ్వు చల్లదనాన్ని పసిగట్టే గ్రాహకం 2002లో దొరికింది. ఈ దారిలో 2021 నోబెల్ బహుమతి కూడా వచ్చింది. గుంటూరు మిరపలో ఉండే క్యాప్సైసిన్‌తోనే నొప్పి పూతలు చేస్తున్నారు. కాపడం, పూత, మర్దన నొప్పిని కాసేపు నెమ్మదింపజేస్తాయి. ఆ కాసేపట్లో లేచి నడిస్తే అవి పనికొచ్చినట్టు, వాటితో పడుకుంటే కాదు.

ఎందుకంటే నెలల తరబడి ఉన్న నొప్పిలో దెబ్బ తగిలిన చోటు కంటే దాని గురించి కబురు మోసే నరాల వ్యవస్థ ఎక్కువ మారిపోతుంది. దొంగలు పడ్డ ఊళ్ళో ఆకు కదిలినా కుక్కలు మొరిగినట్టు, మామూలు వంగడానికే నొప్పి మోగుతుంది. గాయం మానినా మోత ఆగదు. నిద్ర చాలకపోయినా, అప్పుల దిగులున్నా, "ఇంకేదో చెడిపోతోంది" అన్న భయం ఉన్నా మోత పెరుగుతుంది. నొప్పి ఊహ అని దీని అర్థం కాదు, అది నూటికి నూరుపాళ్ళు నిజం. దాన్ని తగ్గించాలంటే కదలిక ప్రమాదం కాదని శరీరానికి మళ్ళీ మళ్ళీ, కొంచెం కొంచెంగా రుజువు చేయాలి. వ్యాయామం చేసే అసలు పని అదే. కండబలం దాని తర్వాత వచ్చే లాభం.

ఏ వ్యాయామం? ఇక్కడ ఊరట కలిగించే సంగతి ఉంది. ఫలానాదే గొప్పదని ఎవరూ తేల్చలేకపోయారు. బోస్టన్‌లో పేదలు ఎక్కువగా ఉన్న రోగులపై జరిపి 2017లో వెలువరించిన ప్రయోగంలో యోగా, ఫిజియోథెరపీ సరిసమానంగా నిలిచాయి. ఆస్ట్రేలియాలో 2024లో వచ్చిన ఫలితం ఇంకా చవకైనది. నడుంనొప్పి ఒకసారి తగ్గినవాళ్ళు 701 మందిలో కొందరికి ఫిజియోథెరపిస్టు సలహాతో నడక నేర్పి, నెమ్మదిగా వారానికి ఐదు రోజులు అరగంట దాకా తీసుకెళ్ళారు. నడవనివాళ్ళలో సగం మందికి 112 రోజుల్లో నొప్పి తిరిగొస్తే, నడిచినవాళ్ళలో సగం మందికి తిరిగి రావడానికి 208 రోజులు పట్టింది. ఎంత చేయాలన్నదానికి పాటించదగ్గ కొలత ఒకటే: చేసేటప్పుడు కొంచెం నొప్పి పుట్టినా ఫరవాలేదు, మర్నాటి పొద్దుటికి అది పాత స్థాయికి వచ్చేయాలి. రాకపోతే తగ్గించండి, మానకండి.

అయితే సలహా మనిషి పనికి అతకాలి. నిజామాబాద్, జగిత్యాల వైపు ఒళ్ళో చాట పెట్టుకుని తల వంచి బీడీలు చుట్టే ఆడవాళ్ళకి మెడా భుజాలూ నొప్పి పుట్టకపోతే ఆశ్చర్యపడాలి. కూలి వెయ్యి బీడీల లెక్కన వస్తుంది, "విశ్రాంతి తీసుకో అమ్మా" అనే చీటీ వాళ్ళకి ఆ రోజు కూలి నష్టం, అంతే. చాటని పీట మీదికి ఎత్తడం, గోడకి ఆనుకోవడం, అరగంటకోసారి లేచి నీళ్ళు తెచ్చుకుని చేతులు పైకెత్తడం లాంటివి చెబితే వింటారు. హైటెక్ సిటీలో కంప్యూటరు ముందు కూర్చునేవాళ్ళకి కూడా సూత్రం అదే. వాళ్ళు మాత్రం ముందు ఇరవై వేల కుర్చీ కొంటారు. ఎంత మంచి కుర్చీలోనైనా ఐదు గంటలు కదలకుండా కూర్చుంటే నడుం పట్టేయడం ఖాయం.

భుజానికి వస్తే నడుంనొప్పిలా కాదు, జబ్బుని బట్టి వైద్యం మారుతుంది. ఇంట్లోనే చేసుకోగల చిన్న పరీక్ష ఉంది. నొప్పి చేతిని మీ అంతట మీరు పైకెత్తలేకపోతున్నారు, వేరొకరు పట్టుకుని ఎత్తితే లేస్తోంది. అప్పుడు కష్టం కండరాన్ని ఎముకకి పట్టి ఉంచే స్నాయువులో ఉండవచ్చు. ఎవరు ఎత్తినా లేవడం లేదు, పక్కకి తిప్పినా తిరగడం లేదు, జడ వేసుకోవడం, వెనక హుక్కులు పెట్టుకోవడం కుదరడం లేదు. అది బిగుసుకున్న భుజం కావచ్చు. బోస్టన్ సర్జన్ కాడ్‌మన్ 1934లో దానికి ఫ్రోజెన్ షోల్డర్ అని పేరు పెట్టాడు. ఎక్కువగా నలభై, అరవై ఏళ్ళ మధ్య వస్తుంది. షుగరు ఉన్నవాళ్ళలో లేనివాళ్ళ కంటే ఐదు రెట్లు ఎక్కువ. దేశంలో 10.1 కోట్ల మందికి షుగరు ఉందని ఐసీఎంఆర్ సర్వే 2023లో చెప్పింది, అంటే మనకిది అరుదైన జబ్బు కాదు. కారణం తెలియకుండా భుజం బిగుసుకుపోతే ముందు షుగరు పరీక్ష చేయించుకోవాలి.

ఇది మొదట నొప్పి, తర్వాత బిగుతు, ఆ తర్వాత సడలింపు అనే వరసలో ఏడాది నుంచి మూడేళ్ళు నడుస్తుంది. కొందరికి కొంత బిగుతు మిగిలిపోతుంది. మొదటి దశలో ఎవరో చేయి పట్టుకుని బలంగా గుంజితే నొప్పి పెరుగుతుందే గాని దారి తెరుచుకోదు. ఆ దశలో కీలులోకి వేసే స్టిరాయిడ్ సూది నొప్పిని బాగా తగ్గిస్తుంది, షుగరు ఉన్నవాళ్ళు కొన్ని రోజులు రక్తంలో షుగరుని ఎక్కువసార్లు చూసుకుంటే చాలు. బిగుతు దశలో గోడ మీద వేళ్ళని పాకించడం, తాడూ కప్పీ కట్టి మంచి చేత్తో రెండో చేతిని లాగడం పనికొస్తాయి. మత్తిచ్చి భుజాన్ని తిప్పడం, ఆపరేషనుతో కీలు చుట్టూ బిగిసిన పొరని కోయడం, వ్యాయామంతో పాటు సూది ఇవ్వడం: ఈ మూడింటినీ బ్రిటన్‌లో పోల్చి 2020లో ఫలితాలు ప్రకటించారు. ఏడాది తర్వాత ఏదీ చెప్పుకోదగ్గంత మెరుగు కాదు.

భుజం పైనున్న ఎముక అంచుని చెక్కే ఆపరేషను పరిస్థితి ఇంకా ఇబ్బందికరం. 2018లో బ్రిటన్ డాక్టర్లు 313 మందిని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకి నిజం ఆపరేషను, ఒక గుంపుకి కెమెరా పెట్టి చూసి ఏమీ చెక్కకుండా కుట్లు వేయడం, ఒక గుంపుకి ఏ వైద్యమూ లేదు. చెక్కినవాళ్ళకీ చెక్కనివాళ్ళకీ తేడా లేదు. రెండు గుంపులూ ఏమీ చేయనివాళ్ళ కంటే కాస్త మెరుగే, కానీ రోగికి తెలిసేంత కాదు. అదే ఏడాది ఫిన్లాండు ప్రయోగం కూడా ఇదే చెప్పింది. దెబ్బ తగిలి స్నాయువు పూర్తిగా తెగినప్పుడు ఆపరేషను అవసరం కావచ్చు, అది వేరే సంగతి.

ఫిజియోథెరపిస్టుని ఎంచుకునేటప్పుడు మొదటి రోజే గమనించండి. యంత్రం తగిలించి పక్క పేషెంటు దగ్గరికి వెళ్ళిపోతున్నారా, మీ పని ఏమిటో అడిగి, మిమ్మల్ని వంగమని, లేవమని, నడవమని చూస్తున్నారా? ఇంటి దగ్గర చేయాల్సినవి మూడో నాలుగో మించకుండా ఇచ్చి, వారం వారం బరువూ లెక్కా పెంచుతున్నారా? మీవైపు నుంచి, చేయలేకపోతున్న రెండు పనులు మొదటిరోజే రాసిపెట్టుకోండి. బావి నుంచి బిందె మోయడం, బస్సులో గంట కూర్చోవడం, పై అరలో డబ్బా అందుకోవడం, ఏదైనా సరే. ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత ఆ కాగితం తీసి చూడండి. నొప్పి ఇంకా కొంత ఉన్నా ఆ పనులు దగ్గరికొస్తుంటే అదే వైద్యం కొనసాగించండి. రెండిట్లో ఏదీ కదలకపోతే వ్యాయామం మార్చమని అడగండి. అప్పటికీ కదలకపోతే జబ్బు పేరు సరైనదేనా అని ఎముకల డాక్టరుకి మళ్ళీ చూపించుకోండి. అప్పుడు అవసరమై తీసే స్కానుకి మొదట్లోనే తీసినదానికి లేని ప్రయోజనం ఉంటుంది, ఏం వెతుకుతున్నామో అప్పటికి తెలుస్తుంది కాబట్టి.