అడగకుండా ఎగరేసిన జెండా

1768 ఆగస్టులో ప్లిమత్ రేవు విడిచిన ఎండీవర్ ఓడలో సీలు వేసిన ఉత్తర్వులున్నాయి. లోకానికి చెప్పిన పని వేరు: 1769 జూన్ 3న సూర్యబింబం మీదుగా శుక్రుడు దాటిపోయే వేళలను తహితి దీవి నుంచి కొలవాలి. భూమికీ సూర్యుడికీ దూరం లెక్కకట్టడానికి అవి కావాలి. ఆ పని ముగిశాక, దక్షిణాన ఉందనుకుంటున్న మహాఖండాన్ని వెతకమన్నది రహస్య ఉత్తర్వు. నేల దొరికితే, అక్కడి జనం సమ్మతితో అనువైన చోట్లను రాజు పేర స్వాధీనం చేసుకోవాలి. జనమే లేకపోతే నేరుగా చేసుకోవచ్చు. కెప్టెన్ జేమ్స్ కుక్ మీద ఇవాళ నడుస్తున్న వాదమంతా ఆ సమ్మతి దగ్గరే ఆగి ఉందని నా నమ్మకం.

కుక్ యార్క్‌షైర్‌లో వ్యవసాయ కూలీ కొడుకు. విట్బీ రేవులో బొగ్గు ఓడల మీద పని నేర్చుకున్నాడు. 26 ఏళ్లకు నౌకాదళంలో మామూలు నావికుడిగా చేరి, న్యూఫౌండ్‌లాండ్ తీరానికి పటాలు గీసి పైకొచ్చాడు. ఎండీవర్ కూడా పాత బొగ్గు ఓడే. అడుగు బల్లపరుపుగా ఉంటుంది కాబట్టి ఒడ్డుకు లాగి మరమ్మతు చేసుకోవచ్చు. ఆ సౌకర్యమే తర్వాత అందరి ప్రాణాలూ కాపాడింది.

తహితిలో తుపాయియా అనే పూజారి ఓడ ఎక్కాడు. రాయతేయా దీవివాడు. 70కి పైగా దీవులతో పటం తయారుచేయించేంత సముద్రజ్ఞానం అతనిది. న్యూజీలాండ్‌లో మావోరీల మాట అర్థమైంది ఓడ మొత్తం మీద అతనికే. అయినా తొలి రోజుల్లోనే తుపాకులు పేలాయి, మావోరీలు చనిపోయారు. కుక్ ఆ సంగతి బాధపడుతూనే రాసుకున్నాడు. ఆ తర్వాత ఆరు నెలల్లో ఆ దీవుల తీరమంతా చుట్టి గీసిన పటం చూస్తే ఇప్పటికీ అబ్బురమనిపిస్తుంది.

అక్కడి నుంచి ఆస్ట్రేలియా తూర్పు తీరం వెంట సాగుతూ, 1770 జూన్ 11 రాత్రి ఎండీవర్ గ్రేట్ బ్యారియర్ రీఫ్ పగడపు దిబ్బకు గుద్దుకుంది. ఆరు ఫిరంగులు, ఇనుము, రాళ్లు, పీపాలు సముద్రంలోకి విసిరేస్తే తప్ప ఓడ కదల్లేదు. తాళ్ల పీచూ ఉన్నీ పేడతో కలిపి పట్టించిన తెరచాపను ఓడ కిందుగా లాగి కన్నాన్ని కప్పారు. ఎలాగో ఓ నది ముఖద్వారం చేరి, ఏడు వారాలు అక్కడే ఉండిపోయారు. ఇప్పుడు అక్కడున్న ఊరి పేరు కుక్‌టౌన్.

కుక్ చేసిన మూడు సముద్రయానాల్లోనూ నాకు ముఖ్యమైనవి ఈ ఏడు వారాలే. ఆ నేల గూగు యిమిథిర్ ప్రజలది. మొదట దూరం నుంచే చూసినవాళ్లు, నెమ్మదిగా దగ్గరయ్యారు. జులై 19న ఓడ మీదికి వచ్చి, నావికులు పట్టి తెచ్చిన తాబేళ్లను చూశారు. ఒక్కటైనా ఇమ్మన్నారు. ఇవ్వలేదు. తమ నీళ్లలోని తాబేళ్లను తమకే లేదంటే ఎవరు ఊరుకుంటారు? ఒడ్డుకెళ్లి గుడారాల చుట్టూ ఎండుగడ్డికి నిప్పు పెట్టారు. కుక్ చిన్నగుళ్లు దట్టించిన తుపాకి పేల్చాడు, ఒకరికి గాయమైంది. అప్పుడు ఒక వృద్ధుడు మొనలేని ఈటెతో ముందుకొచ్చాడు. రాజీ కుదిరింది. ఎత్తుకొచ్చిన ఈటెలను కుక్ తిరిగి ఇచ్చేశాడు. తెల్లవారితో ఆ నేల మనుషులు కుదుర్చుకున్న తొలి రాజీల్లో, రాతలో నిలిచినది ఇది.

అంటే అక్కడ మనుషులున్నారని, వాళ్లకు పెద్దలూ కట్టుబాట్లూ ఉన్నాయని కుక్‌కు తెలుసు. వాళ్లు యూరప్ వాళ్లకంటే సుఖంగా బతుకుతున్నారని కూడా రాశాడు. అయినా ఆగస్టు 22న టోరెస్ జలసంధి దగ్గరి చిన్న దీవి మీద జెండా ఎగరేసి, తూర్పు తీరమంతా మూడో జార్జి రాజుదని ప్రకటించాడు. దిగేముందు ఆ దీవి మీద ఆయుధాలు పట్టిన మనుషులు కనిపించారని అతని దినచర్యలోనే ఉంది. ఎవరినీ అడగలేదు. 1788లో ఆ తీరాన 11 ఓడల్లో ఖైదీలూ సైనికులూ దిగారు.

తర్వాతి రెండు యానాలూ పటాలను ఇంకా పెంచాయి. 1773 జనవరిలో అంటార్కిటిక్ వలయాన్ని దాటాడు, దక్షిణ మహాఖండం ఊహను చాలావరకు చెరిపేశాడు. 1779 ఫిబ్రవరి 14న హవాయిలో, దొంగతనానికి గురైన పడవ కోసం అక్కడి రాజు కలానియోపూను బందీగా పట్టుకోబోయి, తీరంలోనే హతుడయ్యాడు.

అతన్ని దేవుణ్ని చేసేవాళ్లతోనూ, మహానావికుడని ఒప్పుకోనివాళ్లతోనూ నేను ఏకీభవించలేను. అతని రాతల్లోని నిజాయితీ వల్లే అతని తప్పు ఇంత స్పష్టంగా కనిపిస్తోంది. జెండా ఎగరేసిన ఆ జలసంధిలోనే మెర్ అనే దీవి ఉంది. ఆ దీవి మనిషి ఎడ్డీ మాబో తమ నేల తమదేనంటూ కోర్టుకెక్కాడు. 1992లో ఆస్ట్రేలియా హైకోర్టు ఒప్పుకుంది, యజమానులు లేని నేల అన్న వాదాన్ని కొట్టేసింది. తీర్పు వచ్చేసరికి మాబో బతికి లేడు.

1770 ఏప్రిల్‌లో బాటనీ బేలో గ్వీగల్ ప్రజల గుడిసెల నుంచి కుక్ మనుషులు పట్టుకుపోయిన ఈటెల్లో నాలుగు కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కాలేజీ సొత్తుగా మిగిలాయి. 2024 ఏప్రిల్‌లో కాలేజీ వాటిని ఆ ప్రజల వారసులకు అప్పగించింది.