సర్కారు తుమ్మను వంతులవారీగా తీద్దాం

పోతిరెడ్డిపల్లి చౌరస్తా నుంచి పటాన్‌చెరు దాకా 65వ నంబరు జాతీయ రహదారి పక్కన ఖాళీ ప్లాట్లలో, ఫ్యాక్టరీ గోడల వెంట, చెరువు శిఖాల్లో పాతుకుపోయిన మొండి చెట్టు సర్కారు తుమ్మ. మొక్కలు నాటాలనుకోగానే జేసీబీతో దాన్ని నేలమట్టం చేసి, బోసిపోయిన జాగాలో వేపకూ కానుగకూ గుంతలు తీయడం అలవాటైంది. ఈ పద్ధతి సరైంది కాదు. సర్కారు తుమ్మ పోవాల్సిందే, అందులో రెండో మాట లేదు. కానీ మన చెట్లు ఎంత మేర నిలదొక్కుకుంటే అంత మేరే దాన్ని తప్పించాలి.

ఇది దానంతటదే వచ్చింది కాదు. అమెరికా ఖండాల్లో పుట్టిన ఈ చెట్టు విత్తనాలను 1870లలో జమైకా నుంచి తెప్పించి కడప జిల్లా కమలాపురంలో వేశారు. వంటచెరకు కోసం నమ్ముకున్న చెట్టు ఆ నమ్మకాన్ని వమ్ము చేయలేదు. చవుడు నేలలోనూ బతుకుతుంది, వేళ్ల బుడిపెలతో నత్రజనిని నేలకు చేరుస్తుంది, నరికిన కొద్దీ కట్టె, బొగ్గు ఇస్తుంది. పటాన్‌చెరు, బొల్లారం పరిశ్రమల కాలుష్యం మీద 1990లోనే సుప్రీంకోర్టులో పిటిషన్ పడింది. అలా చెడిన నేలల్లో మరో చెట్టు నిలవని చోట కూడా మట్టి కొట్టుకుపోకుండా పట్టి ఉంచగల సత్తా దీనికుంది. అలాంటి నేలను ఒక్క రోజులో బోడి చేస్తే లేత మొక్కకు మిగిలేది ఎండా, వేడిగాలీ.

దీని మొండితనం ఎక్కడుందో చూడాలంటే మోకాలెత్తున నరికిన మొద్దు చుట్టూ మట్టి తీయాలి. నేలమట్టానికి కాస్త కిందుగా, కాండం వేరుతో కలిసే చోట నిద్రపోతున్న మొగ్గలు ఉంటాయి. పైన నరికితే అవి లేచి ఒక మాను స్థానంలో పొద తయారవుతుంది. గడ్డపారతో జానెడు లోతు తవ్వి ఆ కణుపు కిందికి నరికితే చాలామటుకు మళ్లీ చిగురించదు. తొందరపడి నడిపిన జేసీబీ మానును విరిచేసి కణుపును మట్టిలోనే వదిలేస్తుంది. పైగా గట్టి పెంకుతో ఏళ్ల తరబడి చెడకుండా ఉన్న విత్తనాలను పైకి తెస్తుంది. ఈ మొలకకు ఎండ కావాలి, దట్టమైన నీడలో అది ఎదగలేదు. అందుకే దానికి అసలైన విరుగుడు మన చెట్ల నీడే.

ముందుగా వాగుల ఒడ్డునా, మేకల బాటల పక్కనా ఉన్నవాటిని తీయాలి, విత్తనం ఊళ్లు దాటేది అక్కడినుంచే. మిగిలిన చోట పట్టీలుగా విడగొట్టి, ఒక పట్టీని వేర్లతో తీసి పక్కదాన్ని గాలికి అడ్డంగా ఉంచాలి. తీసిన పట్టీలో వేప, కానుగ, నల్ల తుమ్మ, మోదుగ, సీతాఫలం నాటి, నరికిన ముళ్లకంపనే వాటి చుట్టూ కంచెగా వేస్తే మేక నోరు పెట్టదు, ఇనుప గార్డుల ఖర్చూ తప్పుతుంది. అవి తలెత్తాక రెండో పట్టీ సంగతి చూడాలి.

దాని ఆకుల్లోని రసాయనాలు ఇతర మొలకలను అణచివేస్తాయి కదా అంటారు. నిజమే. అందుకే గుంతల చుట్టూ రాలిన ఆకును ఊడ్చేయాలి, ఆ ఆకును మొక్కల మొదళ్లలో కప్పకూడదు. వదిలిన పట్టీ విత్తనాలు చల్లదా అన్నది ఇంకా గట్టి ప్రశ్న. కాయలు పండక ముందే కొమ్మలు కొట్టేయాలి. మేకలు మింగిన విత్తనం పెంటతోపాటు పడి సులువుగా మొలుస్తుంది కాబట్టి కాయలను పిండి పట్టించి మేపాలి. రసాయన వ్యర్థాలు పారిన నేలలోని కాయలైతే అసలు మేపొద్దు. కట్టెకూ బొగ్గుకూ కొట్టుకుపోతుంటే చెట్టే తగ్గుతుంది కదా అనే వాదన మాత్రం నిలవదు. మొద్దు వదిలి కట్టె తీసుకెళ్తే అది పంట కోతే, నిర్మూలన కాదు. కణుపు తవ్వినవారికే కట్టె అనే షరతు పెడితే పేదల పొయ్యీ వెలుగుతుంది, వేరూ పోతుంది.

కూలీ ఖర్చు ఎక్కువే. అయితే 2019 తెలంగాణ మున్సిపల్ చట్టం బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి కేటాయించమంది, నాటినవాటిలో 85 శాతం బతకాలంది. ఆ సొమ్ము గుంతల లెక్కన మొదటి వానాకాలంలోనే ఇచ్చేయకుండా, కొంత భాగం ఆపి, తుమ్మ చిగుళ్లు మళ్లీ లేచాయో లేదో రెండో వానాకాలం తర్వాత చూసి చెల్లించాలి.