బీపీ మన జీన్స్‌లోనే ఉందా?

‘‘మీ ఇంట్లో ఎవరికైనా బీపీ ఉందా?’’ ఆఫీసు హెల్త్ చెకప్‌లో డాక్టర్ అడిగారు. తాతయ్యకి ఉండేది, నాన్నకి ఉంది. మిషన్‌లో నాకు 142/92 చూపిస్తోంది. నాకింకా ఇరవై ఎనిమిదేళ్లే! ఇంటికొచ్చి చెబితే, ‘‘మన వంశంలోనే ఉందిరా, ఏం చేస్తాం’’ అని నాన్న తేల్చేశారు.

కోడ్ రాసేవాణ్ని కదా, నాకొచ్చిన డౌట్ ఒకటే. ఆ తప్పు ఏ లైన్లో ఉంది?

బ్రిటన్‌లో 1950ల్లో ఇద్దరు పెద్ద డాక్టర్లు ఈ విషయం మీదే వాదించుకున్నారు. ఒక్క జన్యువు వల్లేనని రాబర్ట్ ప్లాట్, కాదు చాలా జన్యువులు తలో చెయ్యి వేస్తాయని జార్జ్ పికరింగ్.

అరుదుగా ఒక్క జన్యువే కారణమవుతుంది. లిడిల్ సిండ్రోమ్ అనే జబ్బులో కిడ్నీలు సోడియంని బయటికి పంపకుండా వెనక్కి లాగేసుకుంటూనే ఉంటాయి. ఉప్పుతో పాటు నీరూ ఒంట్లో నిలిచిపోయి, చిన్న వయసులోనే బీపీ పెరుగుతుంది. దీని వెనకున్న జన్యువుని 1994లో అమెరికాలో రిచర్డ్ లిఫ్టన్ బృందం పట్టుకుంది.

మరి మనలాంటి వాళ్ల మామూలు బీపీ? 2011లో సుమారు 2 లక్షల మంది డీఎన్‌ఏని జల్లెడ పడితే, బీపీతో సంబంధమున్న 29 తేడాలు దొరికాయి. 2018లో 10 లక్షల మందికి పైగా వెతికేసరికి అలాంటి చోట్లు 900 దాటాయి. వీటిలో చాలావాటికి ఒక్కో తేడా వల్ల పెరిగేది 1 పాయింట్ కూడా ఉండదు! అంటే పికరింగే కరెక్ట్. పైగా ఈ రెండు స్టడీల్లోనూ ఎక్కువగా ఉన్నది యూరప్ మూలాలున్న వాళ్లే. ఆ లెక్కల్ని యథాతథంగా మనకి అంటించలేం.

అదే 2018లో బ్రిటన్‌లో మరో స్టడీ చేశారు. తిండి, ఉప్పు, వ్యాయామం, బరువు, మద్యం, సిగరెట్ల విషయంలో జాగ్రత్తగా ఉన్నవాళ్లకి బీపీ తక్కువగా ఉంది. జన్యువుల రిస్క్ ఎక్కువున్న వాళ్లలో కూడా!

అందుకే నాన్న మాట సగమే నిజం. వంశం నుంచి వచ్చేది రిస్క్, తీర్పు కాదు. ఒక్క రీడింగ్‌తో బీపీ ఉన్నట్టు కాదు, వారం పాటు ఇంట్లో చూసుకుని రమ్మన్నారు డాక్టర్. ఉప్పు రోజుకి 5 గ్రాముల లోపే ఉండాలంటోంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. అంటే టీస్పూన్ కూడా నిండదు. పెరుగన్నంలో ఆవకాయ నంజుకుంటూ పైన ఇంకాస్త ఉప్పు కలుపుకునే ఇల్లు మాది!

ఇప్పుడు రోజూ పొద్దున్నే నాన్నా నేనూ పక్కపక్కనే కూర్చుని బీపీ చూసుకుంటున్నాం. మీ ఇంట్లోనూ బీపీ ఉంటే, మీరెప్పుడు చూపించుకున్నారు?